ఆవిరి యింజనునకు ఆతిథ్యము



నేటి నా ప్రసంగమునకు విషయము ఆవిరి యింజను. మన పూర్వులు దీనిని ధూమశకటమనియు, పల్లెలవారు పొగబండి యనియు పిలిచిరి. అనకాపల్లి మీదుగా పోవు రైలుమార్గమున ఇది యొకప్పుడు రాత్రింబవళ్లు తిరిగినది. దాని కూత విని పొలమునకు పోవు వేళ తెలిసికొన్నవారు మీలో ఇంకను కొందఱు కలరు. వారి మనుమలకు మాత్రము అది చిత్తరువులలో కనబడు వస్తువే.

కొన్ని దేశములయందు ఒక ముచ్చటయైన ఆచారము ఏర్పడినది. పాతకాలపు రైలుమార్గమును చెడకుండ కాపాడుకొను సంఘములు అచ్చట గలవు. ఒక సంఘమువారు మఱియొక సంఘమువారి ఆవిరి యింజనును కొన్ని దినములపాటు తమ మార్గమునకు అతిథిగా పిలుతురు. అది వచ్చి కొన్నాళ్లు బండిని లాగి, జనులకు కనువిందు చేసి, మరల తన యింటికి పోవును. మన దేశమున కూడ ఇట్టి ప్రయాణములు కొన్ని జరిగినవి. అట్టి అతిథి మన యూరికి రావలెనన్న ఏమేమి కావలయును, అందువలన మనకు కలుగు మేలేమి, వ్యయమేమి అను సంగతులను నేడు విన్నవించుచున్నాను.

మొదట మన మార్గము యొక్క చరిత్రమును కొంచెము స్మరింతము. 1876 మొదలు 1878 వఱకు దక్షిణ దేశమును పీడించిన మహాక్షామము పిమ్మట, ధాన్యమును ఒక చోటినుండి మఱియొక చోటికి త్వరగా చేర్చుటకు రైలుమార్గములు ఆవశ్యకములని ప్రభుత్వమువారికి తోచెను. తూర్పు కోస్తా రాష్ట్ర రైల్వే అను పేరుతో బెజవాడనుండి కటకము వఱకు మార్గము 1893 మొదలు 1896 లోపల నిర్మింపబడి రాకపోకలకు తెఱవబడెను. గోదావరిపై వంతెన మాత్రము 1900 నందు పూర్తి యయ్యెను. అంతవఱకు నదిని దాటుటకు పడవలే శరణ్యములు. 1901లో వాల్తేరునకు దక్షిణపు భాగము మద్రాసు రైల్వే వారికిని, 1902లో ఉత్తరపు భాగము బెంగాలు నాగపూరు రైల్వే వారికిని చెందెను. 1908 నుండి దక్షిణపు భాగము మద్రాసు మరియు దక్షిణ మహారాష్ట్ర రైల్వే వారి యధీనమయ్యెను. ఇట్లు వాల్తేరు రెండు కంపెనీల పొలిమేర యయ్యెను. అనకాపల్లి మద్రాసు వైపున నిలిచెను.

ఇక యింజనుల వయస్సును చూతము. ఇప్పటికిని నడువగల అతి ప్రాచీనమైన ఆవిరి యింజనులలో రెండు మన దేశముననే యున్నవి. రెండును 1855లో ఇంగ్లండు నందలి లీడ్సు పట్టణమున కిట్సన్, థాంప్సన్, హ్యూయిట్సన్ అను కంపెనీవారు చేసినవి. ఈస్టు ఇండియన్ రైల్వే వారు వానిని ఓడపై కలకత్తాకు తెప్పించిరి. ఒకదాని సంఖ్య 21, పేరు ఎక్స్‌ప్రెస్. రెండవదాని సంఖ్య 22, పేరు ఫెయిరీ క్వీన్, అనగా యక్షిణీరాణి యని చెప్పుకొనవచ్చును. చెన్నపట్టణమున రాయపురము నుండి మొదటి బండి బయలుదేరినది 1856 జూలై 1వ తేదీన. అనగా దక్షిణ దేశమున ప్రయాణికుల రైలుబండి పుట్టకముందే ఈ యింజనులు పుట్టినవి. మన మార్గము కంటె ఇవి సుమారు నలువది యేండ్లు పెద్దవి.

ఈ రెండును ఇరువదవ శతాబ్దారంభమున పనినుండి విరమించినవి. చాల కాలము అరుగులపై చూపుడు వస్తువులుగా నుండినవి. తరువాత చెన్నపట్టణపు పెరంబూరు కార్ఖానావారు వానికి మరల ప్రాణము పోసిరి. ఫెయిరీ క్వీన్ 1997లో ఢిల్లీనుండి ఆళ్వారు వఱకు యాత్రికులను తీసికొని పోవ నారంభించెను. 1998లో గిన్నిసు గ్రంథమువారు దానిని, పని చేయుచున్న యింజనులలో ప్రపంచమున కెల్ల పెద్దదానినిగా గుర్తించిరి. ఎక్స్‌ప్రెస్ అను యింజను 2010లో పెరంబూరున బాగుపడెను. 2019 ఫిబ్రవరిలో అది కేరళమునకు అతిథిగా పోయి, ఎర్నాకుళము నుండి విల్లింగ్డన్ ద్వీపమందలి హార్బరు టెర్మినసు స్టేషను వఱకు బండి లాగెను. నూట అరువది నాలుగేండ్ల ముదుసలి పరాయి యూరికి పోయి అచ్చటి పట్టాలపై పరుగెత్తుట సామాన్యమైన విషయము కాదు. అది యెందుకు సామాన్యము కాదో తెలియవలెనన్న ఇంజను నడుచు తీరు తెలియవలెను.

దీనిని బోధించుటకు అనకాపల్లి ప్రాంతమువారికి గొప్ప గ్రంథములతో పని లేదు. బెల్లము వండు చోటికి పోయిన చాలును. పొయ్యిలో చెఱకు పిప్పి మండును. పైన పెనములో రసము కాగును. రసమునందలి నీరు ఆవిరియై గాలిలో కలిసిపోవును. మిగిలినది పాకమగును. మనకు కావలసినది పాకము. ఆవిరిని మనము లెక్కింపము. రైలు యింజనులో సరిగా దీనికి వ్యతిరేకము. అక్కడ కావలసినది ఆవిరియే.

ఒక సేరు నీరు మరిగి ఆవిరి యైనచో, బయట గాలిలో అది సుమారు వేయిన్ని ఆరువందల సేర్ల చోటు ఆక్రమించును. మూతలేని పెనములో దానికి అడ్డు లేదు గనుక ఏ బలమును కనబడదు. ఆ నీటినే దళసరి ఉక్కు పీపాలో బంధించి క్రింద నిప్పు పెట్టినచో, విస్తరింప చోటులేక ఆవిరి లోపలి గోడలను నొక్కును. ఈ పీపానే బాయిలరు అందురు. దాని వెనుక భాగమున నిప్పు పెట్టె యుండును. అందలి వేడి పొగ బాయిలరు నీటి నడుమగా పోవు అనేకములైన సన్నని గొట్టములగుండ సాగి ముందరి పొగగొట్టమును చేరును. పెనమునకు నిప్పు అడుగున మాత్రమే తగులును. ఇక్కడ నిప్పు వేడి నీటి గర్భములోనికే చొచ్చుకొని పోవును. అందుచే తక్కువ కాలమున ఎక్కువ ఆవిరి పుట్టును.

ఇట్లు పుట్టిన ఆవిరిని డ్రైవరు ఒక మీట లాగి సిలిండరు లోనికి వదలును. సిలిండరనగా ఇరుప్రక్కల మూసిన గొట్టము. అందులో ముందునకు వెనుకకు జరుగు బిరడా వంటి దానిని పిస్టను అందురు. ఆవిరి యొకసారి ముందునుండి, ఒకసారి వెనుకనుండి దానిని త్రోయును. పిస్టనునకు తగిలించిన ఉక్కు కడ్డీలు చక్రమును త్రిప్పును. పని ముగిసిన ఆవిరి పొగగొట్టములోనికి చిమ్మబడును. మనము వినిన ఛుకుఛుకు శబ్దము అదియే. ఇరువైపుల రెండు సిలిండరులున్న యింజనులో చక్రమొక చుట్టు తిరుగునప్పటికి ఈ శబ్దము నాలుగు మార్లు వినబడును. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో అమెరికానుండి వచ్చి, తరువాత మెయిలు బండ్లను చిరకాలము లాగిన డబ్ల్యు.పి. తరగతి యింజనుల పెద్దచక్రము 5 అడుగుల 7 అంగుళముల వ్యాసము గలది. అది యొక చుట్టు తిరిగిన బండి సుమారు పదునేడున్నర అడుగులు సాగును. కావున చెవియొగ్గి శబ్దములను లెక్కించిన పల్లెవాడు, గడియారము చేతనుంటే, బండి వేగమును చెప్పగలడు.

ఇందు మఱియొక చమత్కారము కలదు. పైకి చిమ్మబడు ఆవిరి తనతో పొగను కూడ లాగికొని పోవును. ఆ లాగుడుచే నిప్పు పెట్టెలోనికి క్రొత్త గాలి దూరి నిప్పును రగుల్చును. బరువు ఎక్కువైన కొలది ఆవిరి గట్టిగా చిమ్మును. ఆవిరి గట్టిగా చిమ్మిన కొలది నిప్పు ఎక్కువగా మండును. కమ్మరి కొలిమికి తిత్తి యూదు మనిషి వేఱుగా కావలెను. ఈ యింజను తన తిత్తిని తానే యూదుకొనును.

మఱి అపాయ మెచ్చట నున్నది? ఇందాక చెప్పిన డబ్ల్యు.పి. యింజను బాయిలరులో ప్రతి చదరపు అంగుళముపైనను 210 పౌనుల ఒత్తిడి యుండును. అంతటి ఒత్తిడిలో నీరు నూరు డిగ్రీలయొద్ద మరుగదు. సుమారు రెండువందల డిగ్రీల వేడివఱకు నీరుగానే యుండును. ఏ కారణముచేతనైనను బాయిలరు పగిలినచో ఒత్తిడి ఒక్క క్షణములో పోవును. అప్పుడు ఆ వేడినీటిలో కొంత భాగము తత్‌క్షణమే ఆవిరియై వందల రెట్లు విస్తరించును. అది విస్ఫోటనమే. కావున నిప్పు పెట్టె పైకప్పుమీద ఎల్లప్పుడును నీరుండవలెను. నీరు తగ్గి పైకప్పు బయటపడినచో ఆ లోహము ఎఱ్ఱగా కాలి, మెత్తబడి, క్రుంగిపోవును. దీనికి రక్షణగా పైకప్పున సీసము నింపిన బిరడా నుంచుదురు. నీరు తగ్గిన వెంటనే సీసము కరిగి, ఆవిరి నిప్పుపై పడి హెచ్చరించును. ఒత్తిడి మితిమీరినచో తానే తెఱచుకొను సేఫ్టీ వాల్వు పైభాగమున నుండును. నీటి మట్టమును చూపు గాజు గొట్టము డ్రైవరు కన్నుల యెదుట నుండును.

ఈ పరికరములన్నియు ఉన్నను, వానిని కనిపెట్టు మనిషి లేకున్న అవి యేమి చేయును? బెల్లము వండునప్పుడు మడ్డి ఎప్పుడు తీయవలెనో, పిప్పి ఎప్పుడు ఎగద్రోయవలెనో, పాకము ఎప్పుడు దింపవలెనో వండువానికి పాత్ర అంచున లేచు బుడగలను చూచియే తెలియును. కొంచెము ముందు దించిన అచ్చు నిలువదు. కొంచెము ఆలస్యమైన మాడిపోవును. ఆ యెఱుక అతనికి చూపులోను చేతిలోను ఉండును. ఇంజనుపై బొగ్గు వేయు ఫైరుమను విషయమును అట్టిదే. పొగగొట్టమునుండి వచ్చునది పలుచని బూడిదవన్నె పొగ యైనచో నిప్పు సరిగా మండుచున్నదన్న మాట. నల్లని దట్టమైన పొగ వచ్చినచో బొగ్గు వృథా యగుచున్నదన్న మాట. ఏ మూలకు ఎంత బొగ్గు విసరవలెనో, మెరక యెక్కుటకు ఎంత ముందుగా ఆవిరి కూడబెట్టవలెనో, పల్లమునకు దిగునపుడు నీరు ముందునకు వాలి నిప్పు పెట్టె పైకప్పు బయటపడకుండ ఎట్లు చూడవలెనో అతడు ఏండ్ల తరబడి గురువు వెంట తిరిగి నేర్చును. కదలుచున్న బండిమీద, ఎండాకాలమున, నిప్పు మొగమునకు తగులుచుండగా చేసిన విద్యాభ్యాసమది.

ఆ పనివారి కష్టములు కూడ తక్కువవి కావు. బెంగాలు నాగపూరు రైల్వే వారి ఖరగపూరు కార్ఖానాకు మన జిల్లాలనుండి పోయి అచ్చటనే స్థిరపడిన తెలుగువారు వేలకొలది కలరు. 1928లో ఆ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వము వహించిన శ్రీ వరాహగిరి వేంకటగిరి గారు, తరువాత 1969 మొదలు 1974 వఱకు భారత రాష్ట్రపతులుగా నుండిరి. ఆవిరి యింజను చరిత్రము ఇనుము చరిత్రము మాత్రమే కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఇట్టి యింజను అనకాపల్లికి అతిథిగా రావలెనన్న ఏమేమి సిద్ధము కావలెను?

మొదటిది, పట్టాల వెడల్పు. మన పెద్ద మార్గమున పట్టాల నడుమ దూరము 5 అడుగుల 6 అంగుళములు. నే చెప్పిన ఎక్స్‌ప్రెస్ యింజను ఆ కొలతకే చేయబడినది గనుక ఈ చిక్కు లేదు. కొండ యింజనులు మాత్రము ఇక్కడకు రాలేవు.

రెండవది, నీరు. పూర్వము దూరదూరమున నున్న స్టేషనులయందు ఎత్తైన తొట్లును, ఏనుగు తొండమువలె వంగిన నీటి గొట్టములును ఉండెడివి. నేడు వాని పని తీరిపోయినది. నీరు మంచిది కావలెను. సున్నపు పాలు ఎక్కువగా గల నీరైనచో బాయిలరు లోపల గార పేరుకొనును. మన యిండ్లలో నీరు కాచు బిందెకు లోపల తెల్లని పొర పట్టుట మీరెఱుగుదురు. ఆ పొర వేడిని నీటికి చేరనీయదు. లోహము కాలిపోవును.

మూడవది, నిప్పు పెట్టుటకు కావలసిన కాలము. విద్యుత్తు యింజనును మీట నొక్కి కదల్చవచ్చును. ఆవిరి యింజనుకు ముందుదినముననే నిప్పు రగుల్చుట మంచిది. త్వరపడి వేడి చేసినచో, ఒక భాగము ముందు సాగి, ఒక భాగము వెనుకబడి, అతుకులు వదులును. ముసలి బాయిలరునకు ఇది మఱియు అపాయము.

నాలుగవది, పరీక్ష. అతిథి యింజను బాయిలరును నిపుణులు పరీక్షించి అనుమతి పత్రము నీయవలెను. ఆ పరీక్షలో ఒక తెలివి గలదు. బాయిలరులో చల్లని నీరు నింపి, పని చేయునప్పటి కంటె ఎక్కువ ఒత్తిడి కలిగింతురు. చల్లని నీరు ఒత్తిడి తగ్గినను విస్తరింపదు. కావున ఎక్కడనైన బలహీనమైన చోటు పగిలినను నీరు కారును గాని మనుష్యులకు ప్రాణాపాయము కలుగదు. ఇంగ్లండులో సాధారణముగా పదియేండ్ల కొకసారి బాయిలరును యింజనునుండి విడదీసి సమూలముగా పరిశీలింతురు. ముసలివానికి ప్రయాణమునకు ముందు వైద్యుడు నాడి చూచినట్టిదే యిది.

అయిదవది, తలమీది తీగలు. మన మార్గము నేడు విద్యుత్తుచే నడచుచున్నది. పట్టాలపైన తీగలలో 25,000 వోల్టుల శక్తి ప్రవహించును. పూర్వము ఫైరుమను బొగ్గు గుట్టపై కెక్కి గడ్డలను సరిచేసెడివాడు. నేడట్లు ఎక్కినచో తీగను తాకకపోయినను, దాపునకు పోయినంతనే ప్రాణము పోవచ్చును. వేడుక చూడవచ్చిన బాలురు బండి కప్పుల మీదికి గాని, స్తంభముల మీదికి గాని ఎక్కకుండ చూచుట ఊరి పెద్దల బాధ్యత. అతిథి రాక సంతోషమునకు గాని శోకమునకు గాదు కదా!

ఆఱవది, దారి. ఎక్స్‌ప్రెస్ యింజనుకు లాగు పెద్దచక్రములు ఒక్క జతయే. బరువు లాగు శక్తి తక్కువ. వేగమును నేటి బండ్లతో సరిపోలదు. హౌరా చెన్నపట్టణముల నడిమి మార్గము క్షణము తీరిక లేనిది. దానిపై నెమ్మదిగా పోవు ముదుసలికి చోటిచ్చుటకు ఎన్ని బండ్లను ఆపవలెనో స్టేషను మాస్టరులకే తెలియును. అందుచేతనే ఇట్టి ప్రయాణములు రద్దీ లేని చిన్న శాఖల పైననో, ప్రత్యేకముగా కాపాడుకొన్న మార్గముల పైననో సుఖముగా జరుగును.

అట్టి మార్గములను కాపాడుట ఎట్లు సాధ్యమయ్యెను? వేల్సు దేశమున తాలిల్లిన్ అను చిన్న రైలుమార్గము మూతపడబోవుచుండగా 1951లో కొందఱు స్వచ్ఛందముగా ముందునకు వచ్చి జీతము లేకుండ పని చేసి దానిని నిలిపిరి. 1960లో ఇంగ్లండున బ్లూబెల్ మార్గమును అట్లే నిలిపిరి. వారిని చూచి మఱికొందఱు. మన దేశమున డార్జిలింగు కొండ మార్గము 1999లోను, నీలగిరి మార్గము 2005లోను ప్రపంచ వారసత్వ సంపదలుగా యునెస్కో వారిచే గుర్తింపబడినవి. నీలగిరి మార్గము కొఱకు తిరుచిరాపల్లి పొన్మలై కార్ఖానాలో ఈ శతాబ్దముననే క్రొత్త ఆవిరి యింజనులను నిర్మించిరి. విద్య నిలిచియున్నచో వస్తువును మరల చేసికొనవచ్చుననుటకు ఇది తార్కాణము.

డార్జిలింగు మార్గమున పని చేసిన ఒక యింజను కథ మఱియు విచిత్రము. 778 సంఖ్య గల ఆ యింజను 1889లో గ్లాస్గో పట్టణమున చేయబడినది. 1962లో అది అమెరికాకు అమ్ముడుపోయెను. 2003లో ఇంగ్లండునకు చేరెను. అక్కడనుండి వేల్సులోని ఫెస్టినియోగ్ మార్గమునకు అతిథిగా పోయి బండి లాగెను. మన కొండలయందు వయస్సు గడపిన యింజనును చూచుటకు పరదేశీయులు బారులు తీరి నిలిచిరి.

మన కూడ అట్టి మార్గ మొకటి సమీపముననే యుండెను. శ్రీకాకుళము జిల్లా నౌపడా నుండి పర్లాకిమిడికి ఆ సంస్థానాధీశులు వేయించిన రెండడుగుల ఆరంగుళముల చిన్న మార్గము 1900లో తెఱవబడెను. 1931 నాటికి అది వంశధార తీరమందలి గుణుపురమునకు చేరెను. దాని చిన్న ఆవిరి యింజనులు 1990వ దశకము ఆరంభము వఱకు పని చేసినవి. 2004లో చిన్న మార్గమును మూసి పట్టాలను వెడల్పు చేసిరి. 2011లో పెద్ద బండ్లు నడువ నారంభించినవి. ఆ ప్రాంతపు రైతులకును విద్యార్థులకును పెద్ద బండి యవసరమే. చిన్న మార్గమునే శాశ్వతముగా ఉంచవలసినదని నే ననను. అయినను ఒక మూల రెండు మూడు మైళ్లైనను చిన్న పట్టాలను నిలిపియుండినచో, నేడు ఉత్తరాంధ్రమున అతిథి యింజనులకు ఒక విడిది యుండెడిది. పోయిన అవకాశము మరల రాదు.

ఇప్పుడు మీలో ఒక పెద్దమనిషి ఇట్లడుగవచ్చును. "బొగ్గు కాల్చుట గాలికి చెఱుపు. ఊరిలో బడికి కప్పు లేదు. పాత యింజనును తెచ్చి ఊరేగించుట ధనవంతుల వినోదము కాదా?" ఈ ప్రశ్న న్యాయమైనదే. ఆవిరి యింజను బొగ్గులోని వేడిమిలో పదింట ఒక పాలైనను పనికి మార్చజాలదు. మిగిలినదంతయు పొగగొట్టమునుండి పోవును. ఈ లోపము వలననే దానికి కాలము చెల్లినది. మన దేశమున పెద్ద మార్గపు కడపటి ఆవిరి యింజను 1970లో చిత్తరంజన్ కార్ఖానాలో తయారయ్యెను. దానికి అంతిమ్ సితారా, అనగా చివరి నక్షత్రము, అని పేరిడిరి. పెద్ద మార్గమున నిత్యము నడుచు ఆవిరి బండ్లు 1995 డిసెంబరు 6వ తేదీతో ముగిసినవి. వానిని మరల నిత్యోపయోగమునకు తేవలెనని ఎవ్వరును కోరరు. కోరరాదు.

కాని యేడాదికి కొన్ని దినములు ఒక్క యింజను కాల్చు బొగ్గు ఎంత? దానివలన నిలుచు విద్య యెంత? అరుగుపై నిలిపి రంగు పూసిన యింజను లోపల ఏమి జరుగునో బాలునికి తెలియదు. చూచి, వెళ్లిపోవును. అదే యింజను వేడెక్కి, ఊపిరి తీసి, కదలినచో, నీటికింత బలమెక్కడిదని అడుగును. ఆ ప్రశ్ననుండియే శాస్త్రము పుట్టును. ఇది మొదటి లాభము.

రెండవ లాభము మఱింత ముఖ్యమైనది. పనిచేయు యింజనును నిలుపవలెనన్న పని తెలిసిన మనిషిని నిలుపవలెను. ఇనుము నూరేండ్లు షెడ్డులో పడియుండవచ్చును. తుప్పు తీయవచ్చును, క్రొత్త రేకు వేయవచ్చును. నిప్పు చూచి నీటిమట్టము చెప్పగల మనిషి పోయినచో ఆ విద్యను ఏ కార్ఖానాలో చేయింతుము? 1995లో ముప్పది యేండ్ల వాడైన ఫైరుమనుకు నేడు అరువది దాటినవి. అతని గురువులు పలువురు ఇప్పటికే గతించిరి. యింజనుకు కాలము మిగిలియున్నది. మనుష్యునికి మిగులలేదు. అందుచే నా యభిప్రాయమున తొందరపడవలసినది ఇనుము విషయమున కాదు, మనుష్యుల విషయమున.

ఈ మాట బెల్లమునకును వర్తించును. అనకాపల్లిలో 1913 నుండి చెఱకుపై పరిశోధన సాగుచున్నది. చెఱకు రకములు గ్రంథములకెక్కినవి. పాకము పట్టు వాని చేతి యెఱుక ఏ గ్రంథమునకెక్కినది? అతని కుమారుడు పట్టణమునకు పోయి వేఱొక పనిలో చేరినచో ఆ యెఱుక అక్కడితో ఆగును.

కావున అతిథి యింజను ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూచుచు కూర్చుండవలసిన పని లేదు. దానిని పిలుచుట రైల్వే వారి చేతిలోనిది. మన చేతిలోనిది వేఱొకటి కలదు. మీ గ్రామమునను, చుట్టుప్రక్కల గ్రామములయందును, రైల్వేలో పని చేసి విరమించిన డ్రైవరులు, ఫైరుమనులు, షెడ్డు కమ్మరులు, గ్యాంగు కూలీలు, నీటి పంపు నడిపినవారు ఉందురు. వారిని రచ్చబండకు పిలువుడు. చదువుకొన్న బాలుని ఒకనిని ప్రక్కన కూర్చుండబెట్టుడు. తెల్లవాఱుజామున నిప్పు ఎట్లు రగిల్చితివి, ఏ స్టేషనులో నీరు మంచిది, ఏ మెరకలో బండి మొరాయించెడిది, ఏ వానకాలమున గండి పడి బండి నిలిచెను, ప్రాణము మీదికి వచ్చిన దిన మేది అని అడుగుడు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయింపుడు. పనిముట్ల పేర్లు వారు పలికినట్లే వ్రాయింపుడు. ఇంగ్లీషు మాట వారి నోట ఎట్లు మారెనో అదియు చరిత్రమే. వారియొద్ద పాత దీపము గాని, విజిలు గాని, పని చీటి గాని ఉన్నచో తూకమునకు అమ్మవలదని చెప్పుడు.

ఇట్లు వ్రాసిన పుస్తకము ప్రతి గ్రామమున ఒకటి యున్నచో, రేపు ఏ కార్ఖానావారైనను ఒక యింజనుకు మరల నిప్పు పెట్టదలచినప్పుడు, దానిని నడుపుటకు ఆధారము దొరకును. ఏ యింజనును రాకపోయినను, తాత యేమి పని చేసెనో మనుమనికి తెలియును. వ్రాయుటకు పెద్ద వ్యయము లేదు. ఒక కాగితముల దస్తా, ఒక కలము, నాలుగు సాయంకాలములు చాలును. ఈ యేడు బెల్లపు వంటలు మొదలగు లోపల మొదటి సాయంకాలము జరుగునట్లు చూడవలసినదిగా మిమ్ములను ప్రార్థించుచు, ఇంతటితో విరమించుచున్నాను.